ముందుకు ఒరగాలి

సోమవారం, కొత్త జట్టు మొదటి రోజు

ఈసారి జట్టులో ఎనిమిది మంది చేరారు. ఆరుగురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. పొద్దున దీపాలు వెలిగే వేళకే వచ్చి తలుపు దగ్గర వరసగా నిలబడ్డారు. లోపలికి రమ్మంటే చెప్పులు బయట విడిచి వచ్చారు. వార్డులోకి ఒట్టి కాళ్లతో రాకూడదని చెప్పి, మళ్లీ తొడుక్కుని రమ్మని పంపాను. మొదటి పాఠం అలా అయింది.

నా పేరు భూలక్ష్మి. ఏడో గని నర్సింగ్ బడిలో, జ్వరం అంటకుండా నర్సులు తల నుంచి కాళ్ల దాకా కప్పుకునే సూటు తొడగడం, విప్పడం నేర్పుతాను. ఈ గదిలో ఏ పాఠం జరిగినా, నేర్పినవాళ్లు తమ చేత్తో రాసి ఉంచాలని బడి నియమం. పైన ఎండలు భరించలేక ఊళ్లన్నీ గనుల్లోకి దిగినప్పుడు నేను మా అమ్మ చంకలో ఉన్నానట. ఈ పిల్లలు మాత్రం కిందే పుట్టారు. చలికాలంలో పైకి తీసుకుపోయినప్పుడు తప్ప సూర్యుణ్ణి ఎరగరు.

గదికి బడివాళ్లు పెట్టిన పేరు అభ్యాస వార్డు. పిల్లలు ఉత్తుత్తి వార్డు అంటారు. మంచాలు, సెలైన్ స్టాండ్లు, బకెట్లు అన్నీ అసలు వార్డులో ఉన్నట్టే ఉంటాయి. రోగి బదులు డమ్మీ ఉంటుంది. అది దగ్గుతుంది, మూలుగుతుంది, చెమట పోస్తుంది, చేతులు విసురుతుంది. దాని ఒంటి మీద, దుప్పటి మీద నీలం దీపం కింద మెరిసే పొడి చల్లుతాను. బూజు జ్వరం అంటుకునేది కూడా అలాగే. గనిలో పాత కర్రల మీద పట్టిన బూజు రోగి దగ్గులో, బట్టల్లో ఉండి నర్సు సూటు మీద పడుతుంది. సూటు విప్పేటప్పుడు చేతికి అంటి, చేతి నుంచి ముక్కులోకి పోతుంది. అందుకే తొడగడం ఒక్క పూటలో నేర్పేస్తాను. విప్పడానికి వారాలు పడుతుంది.

ఇవాళ డమ్మీ మూలగగానే సలోమి అనే పిల్ల దగ్గరికి పోయి, ఎక్కడ నొస్తుందని అడిగింది. మిగతావాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, జవాబు కోసం కాసేపు చూసింది. ఎవరూ చెప్పకుండానే రోగితో మాట్లాడే పిల్ల నాకు దొరికి చాలాకాలమైంది.

శుక్రవారం

విప్పడం మొదలుపెట్టాం. ఇద్దరిద్దరిని జత చేశాను. ఒకరు విప్పుతుంటే ఇంకొకరు ఎదురుగా నిలబడి చూడాలి, తప్పు చేయబోతే ఆపాలి. సలోమికి జతగా రేణుకను పెట్టాను. రేణుక నిదానస్తురాలు, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. సలోమి చేతులు ఆమె ఆలోచన కంటే ముందు పోతాయి.

పెద్ద దీపాలు ఆర్పి నీలం దీపం వేశాను. రేణుక ఒంటి మీద ఎక్కడా మెరుపు లేదు. సలోమికి చెవి వెనక, జడ పొడుగునా మెరిసింది. అద్దంలో చూపించాను. అంతసేపూ నవ్వుతున్న పిల్ల నవ్వు ఆపేసింది. ఇంత కొంచెం అంటితేనే జ్వరమొస్తుందా అని అడిగింది. వస్తుందని చెప్పాను.

శనివారం

సలోమి జడ కోసుకుని, మెడ దాకా జుట్టుతో వచ్చింది. ఆమె వెనకే వాళ్లమ్మ మార్తమ్మ వచ్చింది. ఆమె పుట్టగొడుగుల గ్యాలరీలో పనిచేస్తుంది. మోచేతుల దాకా అంటుకున్న ఎరువు కడుక్కోకుండానే వచ్చి, ఆడపిల్లల జుట్టు కూడా కోయిస్తారా మీ బడిలో అని తలుపు దగ్గరే నిలబడి అడిగింది. కోయమని నేను చెప్పలేదని సలోమే చెప్పింది. మార్తమ్మ కూతురి తల అటూ ఇటూ తిప్పి చూసి, వంకరగా కోసుకున్నావు, ఇంటికి రా సరిచేస్తానని చెప్పి వెళ్లిపోయింది.

మరుసటి వారం, బుధవారం

పట్టుకునే పాఠం. నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం, పిల్లలకు అన్నిటికంటే భయం.

బూజు జ్వరం ముదిరితే రోగికి ఊపిరి ఆడదు, మతి నిలవదు. ఎదురుగా ముసుగులో ఉన్న మనిషే తన ఊపిరి ఆపుతున్నట్టు అనిపిస్తుంది. రెండు చేతులతో ఆ ముసుగు మెడ పట్టుకుని గుంజుతాడు. నా సర్వీసులో నన్ను ఇద్దరు అలా పట్టుకున్నారు. ఒకామె మా పిన్ని వరస. మనిషి ఎవరైనా ఆ పట్టు ఒకటే.

సూటు మెడ దగ్గర కుట్టు పలచగా ఉంటుంది. వెనక్కి లాగితే అక్కడ చిరుగుతుంది. అందుకని ముందుకు ఒరగాలి. రోగి మీదికే ఒరిగి, తల అతని ఛాతీకి ఆనించి, రెండు మణికట్లు పట్టుకోవాలి. గుంజుకోవడానికి ఎడం లేనప్పుడు సూటు నిలుస్తుంది. కాసేపటికి చేతులు వదులవుతాయి. ఇది నోటితో చెప్పడం తేలిక. ఒంటికి మాత్రం ఎదురుపని. మెడ మీద చెయ్యి పడితే ఎవరి కాళ్లయినా వెనక్కే పోతాయి.

డమ్మీ చేతులకు బలం ఎక్కువ పెట్టి ఒక్కొక్కరినీ పంపాను. ఆరుగురు చింపుకున్నారు. ఆ చప్పుడు చెవి పక్కనే వస్తుంది. అది విన్న పిల్లల ముఖం ముసుగు అద్దం వెనక తెల్లబోతుంది. నిజానికి పాఠం నేర్పేది ఆ చప్పుడే. మూడు నాలుగుసార్లు చిరిగాక ఒళ్లు తనంతట తాను ముందుకు ఒరగడం నేర్చుకుంటుంది. ఇన్నేళ్లలో ఇంకో దారి నాకు దొరకలేదు.

రేణుక మొదటిసారే ఒరిగింది. సలోమి వెనక్కి దూకి, మెడ నుంచి భుజం దాకా చింపుకుంది. ఇంకోసారి అంది. రెండోసారీ చింపుకుంది. వచ్చే వారం మళ్లీ చేద్దామని చెప్పాను.

సోమవారం

కింది గ్యాలరీల్లో పోయిన వారమే పంపులు ఆగిపోయాయి. నేల అదిరి గొట్టాలు విరిగాయట. ఊట నీరు నిలిచి, కర్రలన్నీ తడిసి, వారం తిరగకుండా బూజు పట్టింది. రెండో మట్టంలో జ్వరాలు మొదలయ్యాయి. మందులు, సూట్లు తెచ్చే బండి ఎండకు పట్టాలు వంగి దారిలో నిలిచిపోయింది. ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

మధ్యాహ్నం డాక్టర్ ఫర్హానా వచ్చింది. జ్వరం వార్డు ఆమెదే. నాకంటే చాలా చిన్నది, నా దగ్గరే ఈ గదిలో సూటు తొడగడం నేర్చుకుంది. డమ్మీ పక్క మంచం మీద కూర్చుంది. తర్వాత మూలన కుప్పగా పడి ఉన్న చిరిగిన సూట్ల వైపు చూసింది.

"అక్కా, నువ్వు ఈడ చింపేటియి నాకియ్యి," అంది.

పట్టుకునే పాఠం ఎందుకో ఆమెకు నేను చెప్పనక్కర్లేదు. ఆమెకూ తెలుసు. కానీ తన వార్డులో నర్సులు ఒక్కో సూటు రెండు పూటలు వేసుకుంటున్నారని చెప్పింది. తను కూడా అలాగే వేసుకుంటున్నానంది. ఆలోచించి చెబుతానన్నాను. ఎక్కువసేపు ఆలోచించాల్సిన పనిలేదని నాకే తెలుసు.

మంగళవారం

కొత్త సూట్లు అట్టపెట్టెలతో సహా వార్డుకు పంపించాను. తొడగడం, విప్పడం చూపించడానికి నాలుగు ఉంచుకున్నాను. పట్టుకునే పాఠానికి చిరిగిన సూట్లనే మెడ దగ్గర టేపు వేసి వాడాలని నిర్ణయించాను. ఎవరూ నన్ను ఒత్తిడి చేయలేదు. గదికి పెద్దను నేనే, చెప్పిందీ నేనే.

తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు పెట్టెలు బండిలోకి ఎక్కిస్తుంటే రేణుక, సలోమి తలో చెయ్యి వేశారు. ఇవాళ బాగా పనిచేశామన్న తృప్తి ఉండింది నాకు. అది కూడా రాస్తున్నాను.

శనివారం

టేపు సూట్లతో పాఠం జరిగింది. ఒక్కటీ చిరగలేదు. టేపు రెండు వరసలు వేశాం కదా, అది కుట్టు కంటే గట్టిది. వెనక్కి లాగినా నిలుస్తోంది. డమ్మీ చేతులే జారిపోతున్నాయి. పిల్లలు సంబరపడ్డారు. నాకు నచ్చలేదు. వెనక్కి లాగినవాళ్లను ఆపి, అసలు సూటు ఇలా నిలవదని, ముందుకు ఒరగమని మళ్లీ మళ్లీ చెప్పాను. తలలూపారు. మళ్లీ పట్టుకుంటే మళ్లీ వెనక్కే లాగారు. లాగితే తప్పించుకుంటున్నారు మరి.

టేపు ఒక వరసే వేసి చూశాను. పాత గుడ్డ కావడంతో పట్టుకోకముందే ఊడిపోయింది. మళ్లీ రెండు వరసలు వేయించాను.

పాఠం అయ్యాక అందరూ తిండికి వెళ్లారు. సలోమి ఆగింది.

"మేడం, నాకొక్క కొత్త సూటియ్యుండ్రి. ఒక్కసారి సరిగ్గ చేస్త," అంది.

"టేపు దాంట్ల చేసినవు గదా," అన్నాను.

"అండ్ల వెనుకకు గుంజినా ఏంగాలె మేడం. నేను వెనుకకే గుంజిన. మీరు సూడలే."

నేను చూశాను. చూశానని చెప్పాను కూడా. ఈ గదిలో ఒక సూటు చిరిగితే అక్కడ ఒక నర్సు ఒక పూట పాత సూటుతో రోగి దగ్గరికి పోవాలని చెప్పాను. సరే మేడం అని, ముందుకు ఒరగడం మనసులో పెట్టుకుంటానని చెప్పింది. వెళ్తూ వెళ్తూ డమ్మీ దుప్పటి సరిచేసి పోయింది.

నా వెనక అలమారలో నాలుగు కొత్త సూట్లు ఉన్నాయి.

గురువారం

వార్డు నిండిపోయింది. వసారాలో కూడా మంచాలు వేశారు. నర్సులు చాలడం లేదని గని పెద్దలు కబురు పంపారు. మా జట్టు చదువు పూర్తికావడానికి ఇంకా నెలన్నర ఉంది. విప్పడం ఎవరికి బాగా వచ్చిందో వాళ్లనైనా పంపమన్నారు.

పిల్లల్ని ఒక్కొక్కరినీ నీలం దీపం కింద పరీక్షించాను. అయిదుగురు నిలిచారు. సలోమి వాళ్లందరిలోకి బాగా విప్పింది. ఎక్కడా ఒక్క చుక్క మెరవలేదు. ఇంత మార్పు నేను ఎవరిలోనూ చూడలేదు. రోజూ ఎవరూ లేని వేళ వచ్చి చేతి తొడుగులు మాత్రమే వేసుకుని విప్పుకుంటూ ఉండేదని రేణుక చెప్పింది.

పట్టుకునే పాఠం సంగతి నాకు గుర్తుంది. వార్డులో అనుభవం ఉన్న నర్సు పక్కన ఉంటుంది, ముదిరిన రోగుల దగ్గరికి కొత్తవాళ్లను పంపరు అనుకున్నాను. ఫర్హానాతో ఆ మాట అన్నాను. వీలైనంత వరకు పంపనంది. అయిదుగురి పేర్లూ చెప్పాను.

ఆదివారం

రేణుక వచ్చింది. స్నానం చేసి, తడి జుట్టుతోనే, తలుపు బయట నిలబడి చెప్పింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

పంపుల దగ్గర పనిచేసే రాజలింగు అనే మనిషిని పొద్దున వార్డులో చేర్చుకున్నారు. వచ్చినప్పుడు మామూలుగానే ఉన్నాడట. జ్వరం అంత ముదిరిందని ఎవరికీ తెలియలేదు. సలోమి నీళ్లు తాగించడానికి పోయింది. తాగుతూ తాగుతూ గిన్నె విసిరేసి ఆమె మెడ పట్టుకున్నాడు. రేణుక పక్క వరసలో ఉంది. ఆమె చూసేసరికి సలోమి వెనక్కి లాగుతోంది. చిరిగిన చప్పుడు అంతదూరం వినబడిందట.

సలోమి కేకపెట్టలేదు. చిరిగిన చోట ఒక చెయ్యి అదిమిపట్టి, రెండో చేత్తో అతన్ని పడుకోబెట్టి, దుప్పటి కప్పి, అప్పుడు బయటికి నడిచింది. విప్పే గదిలో రేణుకను ఎదురుగా నిలబెట్టుకుని సూటు విప్పింది. ఒక్క తప్పు లేదు మేడం అని రేణుక రెండుసార్లు చెప్పింది. కానీ అప్పటికే అతను ఆమె ముఖం మీద దగ్గాడు.

నేను రేణుకను నువ్వు తిన్నావా అని అడిగాను.

బుధవారం

సలోమికి జ్వరం తగిలింది. పొద్దున తెలిసింది.

మార్తమ్మకు చెప్పడానికి నేనే వెళ్లాను. బడి తరఫున ఇంకొకర్ని పంపుతామన్నారు, వద్దన్నాను. పుట్టగొడుగుల గ్యాలరీలో వెలుతురు తక్కువ, ఎరువు వాసన. ఆమె వంగి కోస్తూ ఉంది. నన్ను చూసి నడుం పట్టుకుని లేచింది. కూతురు వార్డులో మంచి పేరు తెచ్చుకుంటుందని చెప్పడానికి వచ్చాననుకుంది. ముఖం చూస్తే తెలిసింది నాకు. ఆ ముఖానికి ఈ మాట చెప్పాల్సి వచ్చింది.

ఎలా జరిగిందో అంతా విన్నది. మధ్యలో అడ్డురాలేదు. అయ్యాక అడిగింది.

"అట్ల పట్టుకుంటే ఏంజెయ్యాలెనో మీ బడిల నేర్పలేదా టీచరమ్మా?"

"నేర్పిన. సరిగ్గ నేర్పలే," అన్నాను.

ఎందుకో అడుగుతుందని చూశాను. సూట్లు తక్కువై అని చెప్పడానికి మాటలు సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆమె అడగలేదు. కోసిన పుట్టగొడుగుల బుట్ట పక్కనున్న ఆమెకు అందించి, కొంగుతో చేతులు తుడుచుకుని, పద అంది. వార్డు అద్దాల వరకు నాతో నడిచింది. అంతకంటే లోపలికి రానివ్వరని దారిలోనే చెప్పాను.

శుక్రవారం

జట్టులో మిగిలిన ముగ్గురికీ పాఠాలు ఆపి, నన్ను వార్డులోకి తీసుకొమ్మని ఫర్హానాను అడిగాను. ఈ వయసులో వద్దంది. నా సూటు నేను తెచ్చుకున్నానని చెప్పాను. అలమారలో ఉంచుకున్న నాలుగూ పట్టుకుపోయాను. ఆమె వాటి వైపు చూసి తలుపు తీసింది.

సలోమి నన్ను గొంతును బట్టి గుర్తుపట్టింది. పెదవులు ఎండిపోయాయి. తడి గుడ్డతో అద్దుతుంటే, రాజలింగు ఎట్లున్నాడని అడిగింది. జ్వరం దిగుతోందని, పక్క వరసలోనే ఉన్నాడని చెప్పాను. ఆమె అటు తల తిప్పబోయింది గానీ చేతకాలేదు.

కొంతసేపటికి తనే మొదలుపెట్టింది.

"యాదికే ఉండె మేడం. ముందుకు ఒరగాలెనని యాదికే ఉండె. కాళ్లు ఇనలే."

"అది నీ తప్పు గాదు," అన్నాను.

"నాకెర్కే," అంది. ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఒక్క సూటిస్తే అయిపోవు గదా మేడం."

అవునన్నాను. కోపంగా అనలేదు ఆమె. అలిసిపోయి, ఉన్న మాట అన్నది. దిండు కొంచెం పైకి జరపమంది, జరిపాను.

అద్దం బయట మార్తమ్మ నిలబడి ఉంది. సలోమికి కనిపించేలా మంచం తిప్పించాను. తల్లీకూతుళ్లు చేతులతో సైగలు చేసుకున్నారు. మార్తమ్మ తన తల మీద చెయ్యి పెట్టుకుని, కూతురి జుట్టు వైపు చూపించి ఏదో అడిగింది. సలోమి నవ్వింది. ఏమంటుందని అడిగాను. చెమటకు అంటుకుపోకుండా కోసుకోవడమే మంచిదైంది అంటోందట.

సోమవారం

జ్వరం ముదిరింది. మతి నిలవడం లేదు. నన్ను వాళ్ల చిన్నమ్మ అనుకుని కాసేపు మాట్లాడింది. ఆమె పేరుతోనే పలికాను.

మధ్యాహ్నం నేను ఆమె వీపు కింద గుడ్డ మారుస్తుంటే చేతులు ఒక్కసారిగా లేచాయి. నా మెడ దగ్గర ముసుగు రెండు పిడికిళ్లతో పట్టుకుంది. అంత బలం ఆమె ఒంట్లో ఇంకా మిగిలి ఉందని అనుకోలేదు. కళ్లు నా మీదే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. అద్దం బయట మార్తమ్మ అరిచిందని తర్వాత చెప్పారు, నాకు వినబడలేదు.

ముందుకు ఒరిగాను. నా తల ఆమె ఛాతీకి ఆనించి, మణికట్లు పట్టుకున్నాను. ముసుగు లోపల నుంచి కూడా ఆమె ఊపిరి వినబడుతోంది. లోపల ఏదో ఈడ్చుకుంటూ వచ్చి, సగంలో ఆగి, మళ్లీ ఈడ్చుకుంటున్న చప్పుడు. సలోమి, నేనే, భూలక్ష్మి మేడాన్ని అని చెప్పుకుంటూ పోయాను. ఆమె గుంజింది. నేను ఇంకా దగ్గరికి ఒరిగాను. సూటు చిరగలేదు. చాలాసేపటికి పిడికిళ్లు వదులయ్యాయి. వదులైన తర్వాత కూడా నేను లేవలేకపోయాను. ఫర్హానా వచ్చి భుజం పట్టి లేపింది.

విప్పే గదిలో నాకు ఎదురుగా రేణుక నిలబడింది. నా చెయ్యి వరస తప్పి ముందే ముసుగు మీదికి పోతోందని, ఆగమని చెప్పింది. ఆగాను. చెయ్యి దించాక మళ్లీ మొదలుపెట్టమంది.

గురువారం

పొద్దున దీపాలు వెలిగించే వేళకు సలోమి పోయింది. రేణుక పక్కన ఉంది. నేను వసారాలో ఇంకొకరి దగ్గర ఉన్నాను, పిలిచేసరికి అయిపోయింది.

జ్వరంతో పోయినవాళ్లను ఇంటికివ్వరు. మూసిన పెట్టె మీద మార్తమ్మ చెయ్యి ఉంచింది. పాస్టరు గారు ప్రార్థన చదివారు. చర్చి తరఫున వచ్చినవాళ్లు దూరంగా నిలబడి పాడారు. సొరంగంలో పాట ముందుకు పోయి, తిరిగి వచ్చి, మళ్లీ వినబడుతూ ఉంది.

తర్వాతి నెల, మంగళవారం

పంపులు బాగయ్యాయి. తడిసిన కర్రలన్నీ తీసి కాల్చేశారు. వార్డులో ఇప్పుడు నలుగురే ఉన్నారు. బండి కూడా వచ్చింది. కావలసినదానికి మించి సూట్లు దించింది.

కొత్త పెట్టెలు సర్దడానికి ఫర్హానా నన్ను సాయం పిలిచింది. వార్డు గిడ్డంగిలో అడుగున మా బడి గుర్తు ఉన్న పెట్టె ఒకటి కనిపించింది. నేను పంపినవాటిలో ఒకటి. తాడు కూడా విప్పలేదు. అక్కడ సూట్లకు కరువున్న ఆ రోజుల్లో పై అరల నుంచి తీసుకుంటూ వచ్చారు, ఇది అడుగున పడిపోయింది. ఫర్హానా కూడా ఇప్పుడే చూసింది.

సూట్లు అడిగింది తనేనని, తప్పు నాది కాదని అంది. చాలాసేపు అంది. ఆమె అలా అంటుంటే ఒప్పుకుందామనే ఉండింది. కానీ ఆమె అడిగింది సూట్లు. అందులో ఒకటి సలోమికి ఇవ్వొద్దని ఆమె చెప్పలేదు. అలమారలో నాలుగు ఉంచుకుని కూడా ఇవ్వనిది నేను. ఒక్కసారి చింపుకుని ఉంటే ఆ పిల్ల నేర్చుకునేదా అంటే, నాకు తెలియదు. రెండుసార్లు చింపుకుంది, మూడోసారీ చింపుకునేదేమో. నాలుగోసారి నేర్చుకునేది. ఆ నాలుగో సూటు కూడా ఉండింది.

పెట్టె నాకివ్వమని అడిగాను. ఇచ్చింది.

శనివారం

పట్టుకునే పాఠం కొత్త సూట్లతో మొదలుపెట్టాను. ముగ్గురు పాతవాళ్లు, ఇద్దరు కొత్తవాళ్లు. వార్డు నుంచి రేణుక వచ్చి నాకు తోడుగా నిలబడుతోంది. పొద్దుటి నుంచి చించుతూనే ఉన్నారు. గిడ్డంగి చూసే ఆయన వచ్చి, ఇంత నష్టానికి లెక్క ఎవరు చెబుతారని అడిగాడు. నేనే చెబుతానన్నాను. ఒక పిల్ల చిరిగిన చప్పుడుకు ఏడ్చేసింది. ఏడుపు ఆగేదాకా పక్కన కూర్చుని, మళ్లీ పంపాను.

సలోమి సంగతి పిల్లలకు చెప్పాలా అని రేణుకను అడిగాను. వాళ్లకు ముందే తెలుసంది.

బుధవారం

మధ్యాహ్నం పాఠం లేదు. దుప్పట్లు మడుస్తుంటే తలుపు దగ్గర మార్తమ్మ కనిపించింది. చెప్పులు విప్పబోతే వద్దన్నాను. సలోమి పోయిన రోజు తర్వాత ఆమెను దూరం నుంచి చూడటమే గానీ మాట్లాడలేదు. నేను పుట్టగొడుగుల గ్యాలరీ వైపు పోవడం మానేశాను.

తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిడితే వినాలని నిలబడ్డాను. ఆమె మంచాలన్నీ చూసింది, డమ్మీని చూసింది, నీలం దీపాన్ని చూసి అదేమిటని అడిగింది. చెప్పాను. చెవి వెనక మెరిసిందన్న మాట సలోమి ఇంట్లో చెప్పిందట, రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. నాకు తెలియని సంగతి అది.

తర్వాత అంది.

"నా బిడ్డ ఏసుకున్న దాన్ని నాకొక్కసారి తొడుగు టీచరమ్మా. అండ్ల ఎట్లుంటదో సూస్త."

పెట్టెలోంచి కొత్తది తీశాను. కుర్చీలో కూర్చోబెట్టి కాళ్ల నుంచి మొదలుపెట్టాను. పాదాలు పగిలి ఉన్నాయి, మడమల్లో ఎరువు మరకలు పోలేదు. బూట్లు, నడుము, చేతులు. వెంట్రుకలు ముడివేసి లోపలికి నెట్టాను. చేతి తొడుగులు రెండు జతలు ఎందుకని అడిగితే చెప్పాను. పిల్లలకు చెప్పినట్టే చెప్పాను. ఆమె కూడా పిల్లలలాగే తలూపింది. చివర ముసుగు వేసి, మెడ దగ్గర కుట్టు సరిచేశాను.

కాసేపటికే అద్దానికి ఆవిరి పట్టింది. ఆమె చేతులు గాలిలో తడుముకున్నాయి.

"ఏం కనబడ్తలేదు," అంది. గొంతు దూరం నుంచి వచ్చినట్టుంది.

భయపడొద్దని, నోరు మూసి ముక్కుతో మెల్లగా ఊపిరి వదలమని చెప్పాను. మొదట చేతకాలేదు. నేను ఎదురుగా కూర్చుని అలాగే చేసి చూపించాను. కొంతసేపటికి ఇద్దరి ఊపిరీ ఒక్క తీరుగా నడిచింది. అద్దం అడుగు నుంచి తేటపడుతూ వచ్చి ఆమె కళ్లు కనిపించాయి.

ఉక్కపోస్తుందా, విప్పుదామా అని అడిగాను. జర సేపు ఉండనియ్యమంది. బిడ్డ పూటంతా ఇందులోనే ఉండేదా అని అడిగింది. ఉండేదన్నాను. నీళ్లు తాగాలంటే ఎట్లా అని అడిగింది. తాగడానికి ఉండదన్నాను.

"ఇది ఏసుకున్నంక ఏంజేసేది?" అని అడిగింది.

రోగి దగ్గరికి పోయేదన్నాను. మార్తమ్మ కుర్చీ పట్టుకుని లేచింది. బూట్లు పెద్దవి, అడుగు తడబడింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని డమ్మీ ఉన్న మొదటి మంచం వైపు నడిపించాను.